పిట్ట ముట్టిన తర్వాత



చావు జరిగిన మూడో రోజు మన పల్లెల్లో ఒక కార్యం ఉంటుంది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, బొందలగడ్డకు తీసుకుపోయి, విస్తరాకులో పెడతారు. అన్నం, కూర, గారెలు. కల్లు అలవాటున్న మనిషైతే కల్లు. బీడీలు తాగే మనిషైతే బీడీ కట్ట, పక్కన అగ్గిపెట్టె. పెట్టి, అందరూ నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడతారు. కాకి దిగి ముట్టాలి. పిట్ట ముట్టిందంటే పోయినవాళ్ల మనసు నిమ్మళమైనట్టు లెక్క. కొన్నిసార్లు కాకి వెంటనే వస్తుంది. కొన్నిసార్లు ఎండ నెత్తి మీదికి వచ్చినా రాదు. తుమ్మకొమ్మ మీద కూర్చుని చూస్తూనే ఉంటుంది, దిగదు.

అప్పుడు ఇంటి పెద్దమనిషి ఒకాయన ముందుకు వస్తాడు. విస్తరాకు వైపు చూసి గట్టిగా అంటాడు. “ఏం మనసుల పెట్టుకున్నవ్ తమ్మీ? బిడ్డ పెండ్లి గురించేనా? మేం లేమా? మేం చేస్తం. నువ్వు నిమ్మళంగ తిను.” కాకి కదలదు. తమ్ముడు ఏడుపు ఆపుకుంటూ అంటాడు. “అప్పు సంగతి నేను చూసుకుంట అన్నా. వదినెకు, పిల్లలకు ఏ తక్వ రానియ్య.” బావమరిది అంటాడు. “పిలగాని సదువు నాది బావా.” ఇట్లా ఒక్కొక్కరు ఒక్కొక్క మాట ఇస్తారు. ఎప్పటికో కాకి దిగుతుంది, ఒక మెతుకు ముడుతుంది. అందరూ కాళ్లు కడుక్కుని ఇంటిదారి పడతారు.

కాకి ఎందుకు దిగిందో, అంతసేపు ఎందుకు దిగలేదో నేను చెప్పబోవడం లేదు. ఎవరి నమ్మకం వాళ్లది. నా ధ్యాసంతా ఆ మాటల మీద ఉంది. ఒక ఇంటి బరువును పంచుకుంటామని పదిమంది ముందు నోరు తెరిచి చెప్పిన మాటలవి. దినాలు అయిపోయాక, వేసిన టెంటు విప్పుకుపోయాక, ఆ మాటలు ఏమవుతున్నాయి? ఈ పూట నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే.

2016 అక్టోబరులో వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. చావింటి పద్ధతులు మాత్రం కులాన్ని బట్టి, ఊరిని బట్టి కొంచెం అటూఇటూ మారినా, ఈ మూడు చోట్లా మొత్తం మీద ఒకే తీరుగా ఉంటాయి. చావైన ఇంట్లో పొయ్యి ముట్టించరు. పాలోళ్లు, చుట్టుపక్కల వాళ్లు వండి తెస్తారు. తిననని మొండికేసిన మనిషి పక్కన ఎవరో ఒక పెద్దావిడ కూర్చుని, ముద్ద కలిపి నోటికి అందిస్తుంది. మందలించడానికి, అంటే ఓదార్చడానికి, వచ్చిన ఆడవాళ్లు వాకిట్లో అడుగుపెట్టగానే శోకం ఎత్తుకుంటారు. ఇంటామెను పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. అందులో పోయిన మనిషి బతుకంతా ఉంటుంది. ఏ చెలక ఎట్లా కొన్నాడు, ఏ బిడ్డను ఎంత గారాబం చేశాడు, నిరుడు పండుగకు ఏ చీర తెచ్చాడు, చివరికి ఎవరికీ చెప్పకుండా ఎట్లా పోయాడు. కోపం కూడా ఉంటుంది. నన్ను నడిమిట్ల ఇడిసిపెట్టి పోతివి కదా అని నిలదీస్తారు. మహబూబాబాద్ వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని, తలలు ఆనించుకుని ఇదే పని వాళ్ల భాషలో చేస్తారు.

పట్నం నుంచి వచ్చిన పిల్లలకు ఇది చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. గట్టిగా ఏడ్వడం నటన అనుకుంటారు. నేను అట్లా అనుకోను. ఒంటరిగా ఏడ్చే మనిషికి దుఃఖం నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. పక్కన ఇంకొకరు అదే దుఃఖాన్ని మాటల్లో పెట్టి పాడుతుంటే, తనకు చెప్పరానిది కూడా బయటికి వస్తుంది. వచ్చిన ప్రతి మనిషితోనూ ఇంటామె మళ్లీ మొదటి నుంచి ఏడుస్తుంది. ఏం జరిగిందో మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. అట్లా చెప్పీ చెప్పీ, జరిగింది నిజమేనని మనసు కొంచెం కొంచెంగా ఒప్పుకుంటుంది.

పదో రోజో పదకొండో రోజో పెద్దకర్మ. తల్లిగారింటి వాళ్లు కొత్తబట్టలు పెడతారు. ఆ తర్వాత నిద్రకు తీసుకుపోతారు. చావింటి వాళ్లను చుట్టాలు తమ ఇంటికి పిలిచి, వండి పెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపిస్తారు. మనిషి పోయిన ఇంట్లో అన్ని రాత్రులు కళ్లు మూతపడని వాళ్లకు ఇంకో కప్పు కింద ఒక్క రాత్రి నిద్ర దొరకాలని ఎవరో ఆలోచించి పెట్టిన పద్ధతి ఇది. ముస్లిం ఇళ్లలో మూడో రోజు జియారత్ ఉంటుంది, నలభయ్యో రోజు చెహ్లుం ఉంటుంది. క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడికలు పెడతారు. నవంబరు 2న క్యాథలిక్కులు సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఏ మతమైనా దుఃఖపడే మనిషికి రోజులు లెక్కపెట్టి ఇచ్చింది, ఆ రోజుల్లో ఇంటికి మనుషులను పంపింది.

పన్నెండో రోజు నుంచి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూద్దాం.

టెంటు వాళ్లు కుర్చీలు లెక్కపెట్టి తీసుకుపోతారు. కొడుకు పని మీద హైదరాబాదుకు పోతాడు, బిడ్డ అత్తగారింటికి పోతుంది. ఇంట్లో మిగిలిన మనిషి పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ రెండు గ్లాసుల చాయ్ పెడుతుంది. కొక్కానికి అంగీ వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీయాలో ఉంచాలో తెలియదు. ఫోన్‌లో ఆయన పేరు అట్లాగే ఉంటుంది. సరిగ్గా ఇదే సమయంలో కాగితాల పని మొదలవుతుంది. చావును 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పంచాయతీ నుంచి ధ్రువపత్రం తేవాలి. బ్యాంకులో నామినీ కింద దరఖాస్తు పెట్టుకోవాలి. పాసుబుక్కు, ఆధార్, రేషన్‌కార్డు, పింఛను దరఖాస్తు. ఎప్పుడూ ఆఫీసు గడప తొక్కని మనిషి, భర్త పేరు ముందు ‘లేటు’ అని తన చేత్తో మొదటిసారి రాసేది ఈ కాగితాల మీదనే. మీసేవ కిటికీ ముందు ఆ ఒక్క మాట రాయలేక వెనక్కి వచ్చిన ఒకామెను నేను ఎరుగుదును. తెల్లారి వాళ్ల పక్కింటమ్మ వెంట పోయింది. ఫారం ఆమె నింపింది, ఈమె సంతకం మాత్రం పెట్టింది. మూడో రోజు ఎంతోమంది ఎన్నో మాటలు ఇచ్చి ఉంటారు. ఆ ఇంటికి అక్కరకు వచ్చింది ఆ పక్కింటమ్మ ఇచ్చిన ఒక పూట.

దుఃఖం గురించి చదువుకున్నవాళ్లలో కూడా ఒక పొరపాటు అభిప్రాయం బాగా పాతుకుపోయింది. దుఃఖానికి ఐదు మెట్లు ఉంటాయని, మొదట నమ్మకపోవడం, తర్వాత కోపం, బేరాలాడటం, కుంగిపోవడం, చివరికి ఒప్పుకోవడం, ఈ వరుసలో ఎక్కి అవతలికి పోతారని అంటారు. ఆ ఐదు మెట్ల మాట ఎలిజబెత్ క్యూబ్లర్‌రాస్ అనే వైద్యురాలు 1969లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆమె మాట్లాడింది చికాగోలో మరణానికి దగ్గరైన రోగులతో. తమ చావు తమకు తెలిసినవాళ్ల మనసుల గురించి ఆమె రాస్తే, లోకం దాన్ని వెనక మిగిలినవాళ్లకు తగిలించింది. అందుకే, ఆర్నెల్లయినా ఇంకా కోపంగానే ఉంది, నాకేమైనా అయిందా అని భయపడేవాళ్లు కనబడుతున్నారు. ఏమీ కాలేదు. దుఃఖం వరుసలో రాదు. బాగానే ఉన్నాననుకున్న రోజున, సంతలో ఆయనకు ఇష్టమైన చింతచిగురు కనబడగానే మళ్లీ మొదటికి వస్తుంది.

నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ స్ట్రోబ, హెంక్ స్హుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఇంకో తీరుగా చెప్పారు. మనిషిని పోగొట్టుకున్నవాళ్లు రెండు వైపులకూ తిరుగుతూ ఉంటారన్నారు. ఒక గంట పోయినవాళ్ల వైపు, ఫొటోలు చూస్తూ, ఏడుస్తూ. ఇంకో గంట బతుకు వైపు, వడ్లు ఆరబోస్తూ, పిల్లల ఫీజు కడుతూ. రెండింటిలో ఏ ఒక్కదాన్ని పూర్తిగా వదిలేసినా కష్టమే. ఎప్పుడూ ఏడుస్తూ ఉన్నా నిలబడలేరు, ఏడ్వకుండా పనిలోనే మునిగినా నిలబడలేరు. అటూ ఇటూ తిరగడమే బాగుపడే తీరు.

ఇది చదివినప్పుడు నాకు పెత్రమాస గుర్తొచ్చింది. భాద్రపద అమావాస్య. ఆ రోజు పొద్దున మన ఇళ్లల్లో పెద్దలకు పెట్టుకుంటాం. పోయినవాళ్ల పేర్లు చెప్పి బియ్యం ఇస్తాం. వాళ్లకు ఇష్టమైనవి వండుతాం. అదే రోజు సాయంత్రం మన ఊళ్లల్లో ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున ఎవరి పేరు చెప్పి కళ్లు తుడుచుకున్నామో ఆ ఇంటి ఆడవాళ్లే సాయంత్రం తంగేడు, గునుగు పేర్చి వాకిట్లోకి వస్తారు. రెండూ ఒకే రోజున పడటం పంచాంగం లెక్క కావచ్చు. నాకు మాత్రం అది మనవాళ్లు దుఃఖాన్ని దగ్గర నుంచి చూసి తెలుసుకున్న సంగతిలాగే తోస్తుంది. చావైన ఏడాది ఆ ఇంట్లో బతుకమ్మ పేర్చరు. మరుసటేడు ఆ ఇంటామె మళ్లీ పూలు పట్టుకుని వాకిట్లోకి వచ్చినప్పుడు, అప్పుడే నవ్వుతుందా అని గుసగుసలాడేవాళ్లను దయచేసి నోరు మూయించండి. ఆమె ఎవరినీ మరిచిపోలేదు. పొద్దున వంట చేసి పెద్దలకు పెట్టే వచ్చింది.

ఒక్కొక్క చావును ఊరు ఊరంతా మోస్తుంది. జనగామ నుంచి సూర్యాపేట పోయే దారిలో, కామారెడ్డిగూడెం దగ్గర షేక్ బందగీ సమాధి ఉంది. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుల చుట్టూ తిరిగిన రైతు ఆయన. 1940 జులై 27న ఆయన్ను చంపేశారు. ఆయన కథే తర్వాత ‘మా భూమి’ నాటకమైంది. ఆరేళ్లకు, 1946 జులై 4న, ఆ దగ్గర్లోనే కడవెండిలో, అదే దేశ్‌ముఖ్ మీది పోరాటంలో, దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆయన పేరిట స్తూపం ఉంది. ఏటా ఆ తేదీన జనం అక్కడికి చేరతారు. మేడారం సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. మొన్న 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న ఊరు, ఇప్పుడు ములుగు జిల్లా. కాకతీయుల సైన్యంతో పోరాడి సమ్మక్క కుటుంబం ఒక్కొక్కరే నేలకొరిగారని, కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిస్తే ఆ వాగుకు అతని పేరే వచ్చిందని కోయలు చెప్పుకుంటారు. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచిపోయింది, మళ్లీ కనబడలేదు. వెతికినవాళ్లకు కుంకుమభరిణె మాత్రం దొరికింది. రెండేళ్లకోసారి ఆ భరిణెను గుట్ట మీది నుంచి గద్దెకు తెచ్చుకుంటారు. లక్షల మంది అక్కడ బెల్లం పెట్టి మొక్కుతారు.

కనబడకుండా పోయిన మనిషి కోసం ఇన్ని వందల ఏళ్లుగా ఎదురేగుతున్న జాతర అది. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే 2023 జులై చివరివారం ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు భూపాలపల్లి మండలం మోరంచపల్లి మీద పడింది. జనం ఇళ్ల కప్పుల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. నలుగురు కొట్టుకుపోయారు. అదే వరదలో జంపన్నవాగు పొంగి కొండాయి అనే ఊళ్లో ఎనిమిది మందిని తీసుకుపోయింది. మరుసటేడు సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలో తండాలను ముంచింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి.

వరదలో పోయిన మనిషి కోసం ఇంటివాళ్లు వాగు వెంట రోజుల తరబడి వెతుకుతారు. దొరికేదాకా ఏడ్వనూ లేరు, ఆశ వదులుకోనూ లేరు. పోయాడని ఒప్పుకుంటే తామే చంపుకున్నట్టు అనిపిస్తుంది. అమెరికాలో పౌలిన్ బాస్ అనే పరిశోధకురాలు వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970లలో దగ్గరగా చూసింది. తేలకుండా ఉండిపోయే ఇట్లాంటి దుఃఖం మిగతా దుఃఖాల కంటే ఎక్కువకాలం మనిషిని కదలనివ్వదని ఆమె రాసింది. మన పెద్దలకు ఇది ముందే తెలుసు. దేహం దొరకకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి మన శాస్త్రాల్లో ఉంది. ఎప్పుడు చేయాలన్నది మాత్రం ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. ఇంకెన్ని రోజులు చూస్తారు, కానిచ్చేయండి అని బయటివాళ్లు తొందరపెట్టడం మహాపాపం.

కర్మకాండ అయ్యాక అస్థికలు పట్టుకుని చాలామంది కాళేశ్వరం పోతారు. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. సరస్వతి అంతర్వాహినిగా కలుస్తుందని నమ్మకం. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు జనం అక్కడికి ఎట్లా పోటెత్తారో చూశాం. చాలామంది తమ పెద్దలకు పిండాలు పెట్టుకున్నారు. ఆ గుడి గర్భాలయంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. ముందు యముడికి మొక్కి, ఆ తర్వాతే శివుడికి మొక్కాలి. ఇంటి మనిషిని తీసుకుపోయిన యముడి ముందుకే పోయి, దీపం పెట్టి, చేతులు జోడించే ఆ క్షణంలో చాలామంది అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఏడ్చేస్తారు. ముఖ్యంగా మగవాళ్లు. చావింట్లో కట్టెలు, టెంటు, డప్పు, మందు, లెక్కలు అన్నీ వాళ్ల నెత్తి మీదే ఉంటాయి. ఏడ్వడానికి వాళ్లకు ఎవరూ సందు ఇవ్వరు. భార్య పోయిన పెద్దవయసు మగమనిషి గురించి నాకు మరీ బెంగ. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి, ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడి ఎరగని మనిషి, సాయంత్రమయ్యేసరికి సీసా పట్టుకుంటాడు. అట్లాంటి వాళ్లింటికి ఊరికే పోయి కూర్చోండి. పొలం గురించే మాట్లాడండి. కాసేపటికి ఆమె మాట అతనే తెస్తాడు.

ఇక మన జిల్లాల్లో మాట్లాడక తప్పని ఇంకో చావు ఉంది. 1997–98 పంటకాలంలో పత్తిని లద్దెపురుగు తినేస్తే, అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న రైతుల్లో ఎక్కువమంది వరంగల్ జిల్లా వాళ్లే. ఆ తర్వాత కూడా అది ఆగలేదు. అట్లాంటి ఇంట్లో దుఃఖం ఒక్కటే ఉండదు. నేను చూసుకోలేకపోతినే అన్న అపరాధభావం ఉంటుంది, లోకం ఏమనుకుంటుందోనన్న సిగ్గు ఉంటుంది, మర్నాడే వాకిట్లో నిలబడే అప్పులవాడు ఉంటాడు. ఆపైన విచారణ. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ వచ్చి అడుగుతుంది. భూమి ఎంత, అప్పు ఎంత, కాగితం ఉందా, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా. ఆ విచారణ తర్వాత సర్కారు ఇచ్చే పరిహారాన్ని 2015లో లక్షన్నర నుంచి 6 లక్షలకు పెంచారు, మంచిదే. కాని కౌలు రైతు భార్య ఏ కాగితం చూపిస్తుంది? 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా ఎట్లా చనిపోయినా 5 లక్షలు ఇస్తుంది, విచారణ బాధ లేదు. అది కూడా పట్టా ఉన్నవాళ్లకే. తన మనిషి రైతుగానే బతికాడని నిరూపించుకోవడానికి తిరిగే ఆ ఇల్లాలికి దుఃఖపడే తీరిక కూడా దొరకదు. ఇట్లాంటి ఇంటికి మందలించడానికి పోయినవాళ్లు ఎందుకు చేశాడు, ఎట్లా చేశాడు, నువ్వు అప్పుడు ఎక్కడున్నావు అని అడగకండి. ఆ ప్రశ్నలు ఆమె రాత్రంతా తనను తానే అడుగుతోంది.

మన పద్ధతులు ఎంత గొప్పవో ఇందాకటి నుంచి చెబుతున్నాను. అందులో ఒకదాన్ని మాత్రం నేను ఏ విధంగానూ సమర్థించలేను. భర్త పోయిన ఆడమనిషిని తెల్లవారకముందే కూర్చోబెట్టి, గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, పుస్తెలు, మెట్టెలు తీసే తంతు. అప్పటిదాకా ముద్దలు కలిపి తినిపించిన చేతులే ఆ పని చేస్తాయి. చేసేవాళ్లు కూడా అంతకుముందు ఆ బాధ పడ్డవాళ్లే. ఆ తర్వాత శుభకార్యాల్లో ఆమెను వెనక నిలబెడతారు. సొంత బిడ్డ పెళ్లిలో అక్షింతలు వేయడానికి కూడా జంకేలా చేస్తారు. 2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ అనే గ్రామ పంచాయతీ ఈ తంతును ఆపేస్తూ తీర్మానం చేసింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలు కూడా అదే దారిలో నడవాలని ఉత్తర్వు ఇచ్చింది. మన గ్రామసభల్లో అట్లాంటి తీర్మానం ఎందుకు పెట్టకూడదు? దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ ఊరు పాలకుర్తి ఉన్న గడ్డ మనది. కనీసం మీ ఇంట్లో జరిగినప్పుడు, మా చెల్లె గాజులు ముట్టొద్దు అని ఒక్క అన్న గట్టిగా అంటే చాలు.

పిల్లల సంగతి. నేను చాలాకాలం పల్లెబడుల్లో పాఠాలు చెప్పాను. నాన్న పోయిన ఒక అబ్బాయి దినాలయ్యాక గుండుతో బడికి వచ్చాడు. తోటిపిల్లలు గుండు చూసి తిరుపతి పోయినవారా అని అడిగారు. వాడు అవునన్నాడు. తర్వాత వాళ్లమ్మతో మాట్లాడితే తెలిసింది, నాన్న ఊరికి పోయాడనే వాడి చెల్లెలికి అప్పటికీ చెబుతున్నారని. ఇంటికి ఆటో వచ్చిన ప్రతిసారీ ఆ పాప వాకిట్లోకి ఉరికేది. పిల్లలకు చెప్పండి. చనిపోవడమంటే ఇక తిరిగి రావడం ఉండదని, నొప్పి ఉండదని, నువ్వు చేసిన తప్పేమీ లేదని, నిన్ను చూసుకోవడానికి మేమున్నామని, వాళ్ల వయసుకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. చాలామంది పిల్లలు తాము అల్లరి చేసినందుకే ఇట్లా అయిందనుకుంటారు. బడిలో పంతుళ్లు కూడా ఆ మొదటి రోజు ఆ పిల్లవాడు రాకముందే మిగతా పిల్లలతో రెండు మాటలు మాట్లాడి పెట్టాలి. కాన్పులో బిడ్డ పోయిన తల్లిని కూడా మరిచిపోకండి. ఆ బిడ్డకు దినాలు ఉండవు, ఫొటో ఉండదు, మందలించడానికి వచ్చేవాళ్లూ తక్కువే. ఇంకా వయసుంది, మళ్లీ పుడతారులే అనేస్తారు. ఆమె పోగొట్టుకున్నది ఈ బిడ్డను. రేపు పుట్టబోయే బిడ్డ గురించి ఇప్పుడు ఎత్తకండి.

చావింట్లో ఏం మాట్లాడాలో తెలియక ఇబ్బందిపడి, అక్కడికి పోవడమే మానేస్తాం. మాటలేమీ అక్కర్లేదు. పోయిన మనిషి పేరు పలకండి. మీకు ఆయనతో ఉన్న ఒక జ్ఞాపకం చెప్పండి. ఏడిస్తే ఏడ్వనివ్వండి. ఏమైనా కావాలంటే అడుగు అని చెప్పి రాకండి, దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు తెరిచి అడగలేరు. సోమవారం పొద్దున తహసీల్ ఆఫీసుకు నేనే బండి మీద తీసుకుపోతా, కాగితాలు తీసి పెట్టు అనండి. నాట్ల రోజుల్లో చావు జరిగిన ఇంటి మడిలో ఒక పూట నాటు వేసి రండి. సెల్‌ఫోన్‌లో పండుగల తేదీలు గుర్తుపెట్టుకున్నట్టే, ఆ చావు జరిగిన తేదీని కూడా రాసి పెట్టుకోండి. నెల మాసికానికి, మూడో నెలకు, ఏడాదికి ఒక ఫోన్ చేయండి. మొదటి దసరాకు, మొదటి ఉగాదికి ఆ గడప తొక్కండి.

కొందరికి ఇవన్నీ ఉన్నా దుఃఖం సడలదు. ఏడాది దాటినా రోజూ అదే తీవ్రతతో ఉంటుంది. తిండి సహించదు, పని సాగదు, ఎవరినీ కలవాలనిపించదు, నేనెందుకు మిగిలానని అనిపిస్తుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చికిత్స అవసరమైన స్థితిగా గుర్తించింది. దీన్ని చేర్చిన వ్యాధుల వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. దాని లెక్క ప్రకారం ఆరు నెలలు దాటితే చూపించుకోవాలి. అమెరికా మనోవైద్యుల లెక్కలో పెద్దవాళ్లకు ఏడాది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఏ గడువూ చూడొద్దు, ఆ రోజే సాయం అడగాలి. మాట్లాడటం ద్వారా చేసే చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. ఇది పిచ్చి అనుకుని దాచిపెట్టకండి.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే సేవను మొదలుపెట్టింది. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు. మీ కోసం మాత్రమే చేయాలని లేదు. మీ అన్న గురించో, పక్కింటి వదినె గురించో, మీ బడిలో చదివే పిల్లవాడి గురించో ఏం చేయాలో తోచక కూడా చేయవచ్చు. నంబరు చెబుతున్నాను, దగ్గర్లో పెన్ను ఉంటే రాసుకోండి. 1, 4, 4, 1, 6. మళ్లీ చెబుతున్నాను. 14416. రాసుకున్నవాళ్లు, ఇటీవల చావు జరిగిన ఇల్లు మీ వాడలో ఏదైనా ఉంటే, ఈ కాగితం అక్కడికి కూడా తీసుకుపోండి.